మన శాఖవాడే, పులుల వేటగాడు: కెన్నెత్ ఆండర్సన్

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రసిద్ధ వ్యక్తి జీవితాన్ని రాసి ఇవ్వవలసిందని కార్యదర్శిగారు కోరినప్పుడు, నావల్ల కాదని చెబుదామనే అనుకున్నాను. సురవరం ప్రతాపరెడ్డిగారి గురించీ, బూర్గుల రామకృష్ణారావుగారి గురించీ నాకన్నా చక్కగా రాయగలవారు మన పాలమూరు సభ్యుల్లోనే నలుగురైదుగురు ఉన్నారు. అయితే మొన్న దసరాకు దేవరకొండ దగ్గర మా అక్కగారి ఊరికి వెళ్ళినప్పుడు జరిగిన ఒక ముచ్చట వల్ల నాకు ఆండర్సన్ గుర్తుకు వచ్చారు. ఆయన మన తంతి తపాలా శాఖలో పదిహేనేళ్ళు పనిచేసిన మనిషి. ఈ సంగతి మన మిత్రుల్లో చాలామందికి తెలియదనే నా నమ్మకం.

ముందు ఆ ముచ్చట చెబుతాను. మా మేనల్లుడికి నాలుగెకరాల వేరుశనగ ఉంది. కాయ ఊరే వేళకు అడవిపందులు మందగా దిగి ఒక్క రాత్రిలో అరెకరం తవ్విపోశాయి. వాడు సెల్‌ఫోనులో అమెరికా వేటగాళ్ళ వీడియోలు చూసి, మూడు వందల గజాల అవతలి నుంచి పందిని పడగొట్టాలంటే ఏ బోరు రైఫిల్ కొనాలో చెప్పమని నా వెంటపడ్డాడు. నేను ఉద్యోగంలో ఉండగా మన్ననూరు, అమ్రాబాదు లైన్ల మీద తిరిగినవాణ్ణి, ఇంట్లో బీరువా నిండా వేట పుస్తకాలున్నవాణ్ణి కనుక మామకు తెలియకపోతుందా అని వాడి ధీమా. నేను తుపాకి పట్టి ఎరుగను. నాకు తెలిసిందల్లా పుస్తకాల్లోని మనుషులు. అందుకని రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి వాడికి ఆండర్సన్ జీవితం చెప్పాను. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

కెన్నెత్ డగ్లస్ స్టూవర్ట్ ఆండర్సన్ 1910 మార్చి 8న సికిందరాబాదు పక్కన బొల్లారంలో పుట్టారు. అప్పటికి హైదరాబాదు గద్దె మీద ఉన్నది ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా. మన పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అనే పేరు వచ్చింది ఆయన మీదుగానే. ఆయనా పెద్ద పులుల వేటగాడే, 1911 ఆగస్టులో పోయారు. అంటే ఒక వేటగాడి రాజ్యంలో, ఆయన చివరి రోజుల్లో, ఇంకో వేటగాడు పుట్టాడన్నమాట. కాని ఇద్దరికీ పోలిక అంతవరకే. పాషావారి వేటకు ఏనుగులు, గుడారాలు, వందలమంది తోలుడుగాళ్ళు. బొల్లారంలో పుట్టినాయన నెలజీతం మీద బతికిన మనిషి.

ఆండర్సన్ కుటుంబం స్కాట్లాండు మూలాలున్నది, తరాలుగా ఇండియాలో స్థిరపడినది. తండ్రి సైనికుల జీతభత్యాలు చూసే లెక్కల కార్యాలయంలో అధికారి. మన అకౌంట్స్ విభాగం మిత్రులకు ఈ మాట నచ్చుతుంది. పిల్లవాడి చదువు బెంగుళూరులో, బిషప్ కాటన్ స్కూలులో, ఆ తర్వాత సెయింట్ జోసఫ్ కాలేజీలో సాగింది. లా చదవమని తండ్రి ఎడిన్‌బరో పంపిస్తే అక్కడ మనసు నిలవక చదువు మధ్యలో వదిలి తిరిగి వచ్చేశారు. వచ్చి తంతి తపాలా శాఖలో చేరారు. ఆ తర్వాత బెంగుళూరు విమాన కర్మాగారానికి, అంటే నేటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు మారి, ప్లానింగు విభాగంలో ఫ్యాక్టరీ మేనేజరు హోదా వరకు ఎదిగారు. ఉద్యోగం ఒకవైపు, అడవి ఒకవైపు. సెలవు దొరికితే స్టూడిబేకర్ కారులో సామాను వేసుకుని బయలుదేరడమే. సెలవు చీటీలో కారణం ఏమని రాసేవారో నాకు తెలుసుకోవాలని ఉంది!

1939 నుంచి 1966 వరకు ప్రభుత్వ రికార్డుల్లో ఆయన పేరున మనిషి మరిగిన చిరుతలు ఎనిమిది, పులులు ఏడు ఉన్నాయి. లెక్కకెక్కనివి ఇంకా ఉన్నాయని అనేవారున్నారు, దాని జోలికి నేను పోను. సేలం జిల్లా, మైసూరు సీమ, నీలగిరి, అప్పటి చిత్తూరు జిల్లాలో మామండూరు, చామల లోయ: ఆయన తిరిగిన అడవులు ఇవి. 1954లో మొదటి పుస్తకం వచ్చింది. తొమ్మిది మనిషి మరిగిన జంతువులు, ఒక మదపుటేనుగు కథలు అందులో ఉన్నాయి. తర్వాత వరుసగా మరికొన్ని వచ్చాయి. చదివినవారికి తెలుస్తుంది, ఈ కథలన్నిటిలోనూ ఒక పాత్ర మారదు. అది ఆయన చేతిలోని .405 విన్‌చెస్టర్ రైఫిల్.

మా మేనల్లుడికి కావలసిన సంగతి ఇక్కడ మొదలవుతుంది కనుక కొంచెం నిదానంగా చెబుతాను. బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు. .405 అంటే అంగుళంలో వెయ్యికి 405 వంతులు, మన లెక్కలో పది మిల్లీమీటర్ల పైచిల్లర. దీని తూటా బరువు 300 గ్రెయిన్లు, అంటే తులం కన్నా ఎక్కువ, పంతొమ్మిది గ్రాముల దాకా ఉంటుంది. ముక్కు మొద్దుగా, గుండ్రంగా ఉంటుంది. గొట్టం దాటేటప్పుడు సెకనుకు 2,200 అడుగుల వేగం. ఈ తూటా 1904లో వచ్చింది. అమెరికా అధ్యక్షుడుగా దిగిపోయిన థియోడర్ రూజ్వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు వెళ్ళినప్పుడు సింహాల కోసం ప్రత్యేకించి పట్టుకెళ్ళింది ఈ బోరునే. బరువైన తూటా దగ్గరలో తగిలిందంటే జంతువు లేవదు.

కాని దీనికి ఒక లోపం ఉంది. మొద్దు ముక్కు తూటా గాలిని కోసుకుపోలేదు, త్వరగా వేగం పోగొట్టుకుని నేలకు వంగుతుంది. వంద గజాలకు గురి సరిచేసుకుంటే, రెండు వందల గజాలకు సుమారు ముప్పాతిక అడుగు కిందికి దిగుతుంది. మూడు వందల గజాలకు రెండున్నర అడుగులు పైనే దిగుతుంది. దూరం అంచనాలో పాతిక గజాలు తప్పినా పంది కడుపుకు గురిపెట్టిన తూటా కాళ్ళ సందున పోతుంది. దూరపు వేటకు ఇది పనికిరాదని ఆ రోజుల్లోనూ అందరికీ తెలుసు. రెండో ప్రపంచయుద్ధం నాటికే ఈ రైఫిల్ తయారీ ఆగిపోయింది. ఆండర్సన్‌గారు మాత్రం వదల్లేదు.

ఎందుకు వదల్లేదు? ఆయన కథల్లో తూటా పేలే దూరం చూడండి. లంటానా పొదల్లో, వెదురు గుబురుల్లో, మంచె మీద నుంచి, ఎర వేసిన చోట, ఒక్కోసారి పాడుబడిన గుడిసెలో కూర్చుని, టార్చిలైటు గొట్టానికి బిగించి కాల్చేవారు. పది గజాలు, ఇరవై, మహా అయితే ముప్పై. అక్కడ వంగడం, దిగడం అనే ప్రశ్నే లేదు. కావలసింది రెండే: ఆగకుండా వస్తున్న జంతువును ఆపే బరువు, మొదటి తూటా తప్పితే రెండోది వెంటనే పడటం. విన్‌చెస్టర్‌లో ట్రిగ్గరు కింద ఉన్న పిడిని కిందికి తోసి పైకి లాగితే ఖాళీ గొట్టం ఎగిరిపడి కొత్త తూటా ఎక్కుతుంది, రైఫిల్‌ను భుజం మీద నుంచి దించనక్కరలేదు. లండన్‌లో చేతితో చేసే జంట గొట్టాల రైఫిళ్ళు ఇంకా బలమైనవి గాని అవి రాజులకూ, కలెక్టర్లకూ. జీతగాడికి అందుబాటులో ఉన్నది ఫ్యాక్టరీ రైఫిల్. ఇది నా ఊహే అనుకోండి, కాని నెల మొదటి తారీఖు కోసం ఎదురుచూసిన మనకు ఈ ఊహ కష్టం కాదు.

పోలికకు జిమ్ కార్బెట్‌ను తీసుకోండి. ఆయన పేరు మీరందరూ విన్నదే. 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు ఆయనకు .275 రిగ్బీ రైఫిల్ బహుమతిగా ఇచ్చారు. ఏడు మిల్లీమీటర్ల సన్నని తూటా, బరువులో ఆండర్సన్ తూటాకు సగం, వేగం ఎక్కువ. మూడు వందల గజాలకు అడుగుంపావు మించి దిగదు. కుమావూ కొండల్లో ఈ లోయ నుంచి ఆ వాలు మీదకు కాల్చవలసి వస్తుంది, రోజంతా కాలినడకన ఎక్కాలి. అక్కడికి అది సరిపోయింది. అంతటి కార్బెట్ కూడా పొదల్లో దగ్గర పోరాటానికి వేరే బరువైన జంట గొట్టాల రైఫిల్ ఉంచుకున్నారు.

మా వాడు చూసిన అమెరికా వీడియోల సంగతి మూడో రకం. అక్కడి బీళ్ళలో బొరియలు తవ్వి పంట పాడుచేసే ఉడుత జాతి జంతువులుంటాయి, మన పందికొక్కంత, కుందేలంత. వాటిని మూడు, నాలుగు వందల గజాల నుంచి కొట్టడానికి .22 కుటుంబపు అతివేగం తూటాలు వాడతారు. 1935లో వచ్చిన .220 స్విఫ్ట్ అనేది 48 గ్రెయిన్ల తూటాను సెకనుకు నాలుగు వేల అడుగుల పైన పంపుతుంది. అది గీత గీసినట్టు పోతుంది, తగిలిన చోటే ముక్కలైపోతుంది. చిన్న జంతువుకు అది చాలు, రాతికి తగిలి పక్క పొలంలోని మనిషి మీదకు ఎగిరే ప్రమాదమూ తక్కువ. కాని అదే తూటా మన అడవిపంది భుజం మీది దళసరి తోలుకూ కొవ్వుకూ తగిలితే పైపైన చీలిపోతుంది. పంది చావదు, పారిపోతుంది. ఇది చెప్పినప్పుడు మా వాడి ముఖంలో కాస్త వెలుగు తగ్గింది.

గాయంతో పారిపోయిన జంతువు. ఆండర్సన్ జీవితమంతా దాని వెంట తిరగడమే. జౌలగిరి ఆడపులి మొదట పశువుల జోలికి తప్ప మనుషుల జోలికి పోనిది. దాని జోడును చంపారు. ఆ తర్వాత దాన్ని ఒక కుర్రవాడు కాల్చాడు. తూటా మెడకు తగలవలసింది భుజానికి తగిలింది. పులి తప్పించుకుంది, అక్కడి నుంచి పల్లెల్లో చావులు మొదలయ్యాయి. కార్బెట్ చంపిన చంపావత్ పులి లెక్కలో 436 ప్రాణాలున్నాయి. దాని కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి, పైది సగానికి, కిందిది ఎముక దాకా. ఏనాడో ఎవరో కాల్చిన దెబ్బ అది. గుమ్మలాపురం చిరుత మాత్రం తుపాకి వల్ల కాదు, పాదంలో విరిగిన ఏదుపంది ముళ్ళ వల్ల కుంటిదై మనుషుల మీద పడింది. కనుక తప్పంతా తుపాకిదేనని నేను అనను. అయితే ఏదుపందికి లైసెన్సు ఇచ్చేవారు లేరు, మనిషికి ఉన్నారు.

ఆ రోజుల్లో పొలం కాపలాకు ఊరూరా భర్మారు తుపాకులుండేవి. గొట్టం మూతి నుంచి మందు కూరి, ఛర్రాలు పోసి, గుడ్డపీలిక బిగించి కాల్చేవి. నీటిగుంట దగ్గర చీకట్లో కూర్చుని, కదిలిందల్లా పందే అనుకుని కాల్చేవారు. ఒక్కోసారి కదిలింది పులి. ఛర్రాలు చర్మం కింద దిగి చీము పట్టి, కాలు పనిచేయక, దుప్పిని పట్టలేక, చివరకు కట్టెలకు వచ్చిన ఆడమనిషిని పట్టేది. అందుకే దొంగచాటు వేటగాళ్ళ మీద ఆండర్సన్‌కు కోపం. ఒక ఊళ్ళో ఒకడు చేసిన గురి తప్పు, నాలుగు ఊళ్ళ అవతల శవాల లెక్కగా తేలేది.

మన ప్రాంతంతో ఆయనకున్న ముడి పుట్టుక ఒక్కటే కాదు. 1959లో వచ్చిన పుస్తకంలో హైదరాబాదు నుంచి వచ్చిన హంతక పులి అనే అర్థం వచ్చే పేరుతో ఒక కథ ఉంది. నంద్యాల, గిద్దలూరుల మధ్య నల్లమలను చీల్చుకుపోయే రైలుమార్గం ఉంది గదా, గాజులపల్లె, చెలమ స్టేషన్ల వైపు, ఆ అడవుల కథ. ఆ రోజుల్లో కృష్ణకు ఉత్తరాన ఉన్నదంతా నైజాము ఇలాకా. అంటే మన అమ్రాబాదు, మన్ననూరు, ఫరహాబాదు గుట్టలు. ఫరహాబాదులో నిజాంల వేట బంగళా శిథిలాలు మీలో కొందరు చూసే ఉంటారు. నది ఈవల దొరల షికారు, ఆవల గ్యాంగుమన్ల బతుకు. పులికి నది సరిహద్దు కాదు, అది ఈదుతుంది. ఎండాకాలంలో శ్రీశైలం రోడ్డు మీద లైను తనిఖీకి పోయేటప్పుడు ఆ కథ గుర్తొస్తే ఒంటరిగా స్తంభం ఎక్కడానికి నాకు కాళ్ళు రాకపోయేవి. మాతో వచ్చే చెంచు తాత మాత్రం నవ్వేవాడు. విల్లు పట్టిన చెంచులకు దూరపు గురి అనే మాటే వింత. జంతువు శ్వాస వినపడేంత దగ్గరకు పోగలిగినప్పుడే వాళ్ళు బాణం వదులుతారు.

ఆండర్సన్ క్రమంగా మారిన మనిషి కూడా. వయసు పెరిగేకొద్దీ రైఫిల్ కన్నా కెమెరా వైపు, చంపడం కన్నా చూడటం వైపు మళ్ళారు. అడవులు నరికేస్తున్నారనీ, పులులు మాయమవుతున్నాయనీ చివరి పుస్తకాల్లో వాపోయారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1973లో పులుల ప్రాజెక్టు మొదలైంది. 1974 ఆగస్టు 30న క్యాన్సర్‌తో బెంగుళూరులో కన్నుమూశారు. ఆయన ఆఖరి పుస్తకం పోయిన తర్వాత, 1976లో అచ్చయింది. తండ్రి వెంట అడవులు తిరిగిన కుమారుడు డొనాల్డ్ 2014లో పోయారు. కెన్నెత్ పోయినాక నాలుగేళ్ళకు నాగార్జునసాగర్, శ్రీశైలం అడవులు అభయారణ్యమయ్యాయి, 1983లో పులుల ప్రాజెక్టులో చేరాయి. రాష్ట్రం విడిపోయాక మన వైపు భాగం అమ్రాబాదు పులుల అభయారణ్యమైంది. నేడు అది నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాల్లో ఉంది. మా అక్క ఊరి పొలంలో దిగే పందులు ఆ అడవి అంచుల నుంచి వచ్చేవే.

ఇక మా వాడి రైఫిల్ విషయం. ఆయుధాల చట్టం ఏమంటుందో మన సంఘంలోని న్యాయశాఖ మిత్రుణ్ణి అడిగి తెలుసుకున్నాను. 1959 నాటి ఆ చట్టంలో 13వ సెక్షను పంట కాపలాకు ప్రధానంగా చెప్పింది భర్మారునే, అది చాలదనుకుంటే నునుపు గొట్టం తుపాకిని. రైఫిల్ ప్రస్తావన అక్కడ లేదు. అంటే చట్టమే పంట కాపలావాణ్ణి దగ్గరి దూరానికి కట్టేసింది. పైగా తుపాకికి లైసెన్సున్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. దానికి అటవీశాఖవారి లిఖితపూర్వక అనుమతి వేరే కావాలి. నునుపు గొట్టంలో ఎల్.జి. తూటా నలభై గజాలు దాటితే గింజలు చెదిరిపోతాయి, అప్పుడు మళ్ళీ గాయాల కథే. పంది అయితే పగబట్టి పల్లె మీదకు రాకపోవచ్చు. కాని గాయపడ్డ మగపంది పొదలో పడుకుని ఉంటే, తెల్లారి కలుపుకు వచ్చిన కూలీ తొడ చీలుతుంది. ఆ పొద చేను గట్టు మీదే ఉంటుంది.

ఇవన్నీ విన్నాక వాడు రైఫిల్ మాట ఎత్తలేదు. అయితే దానికన్నా ఘోరమైన ఆలోచన ఒకటి పక్క చేనువాడు చెప్పాడట, చేను చుట్టూ బైండింగు వైరు లాగి కరెంటు పెట్టేద్దామని. మా అక్క ఆ మాట విని కొడుకును చీపురుకట్టతో కొట్టినంత పని చేసింది. ఆ తీగకు పందికన్నా ముందు నీళ్ళు పెట్టబోయే రైతు తగులుకుంటాడు, పేపర్లలో మనం చూస్తూనే ఉన్నాం. చివరకు బ్యాటరీతో నడిచే సోలారు కంచె వేయించారు. నా పెన్షన్‌లోంచి కొంత నేనూ సర్దాను. షాకు కొట్టి వదిలేస్తుంది, చంపదు. మూడు వైపులా బాగానే ఆపుతోంది. నాలుగో వైపు కాలువ ఉంది, అక్కడ నీటి కిందుగా దూరి ఒక ఆడపంది పిల్లలతో వస్తోందట. కిందటి వారం ఫోను చేసి, దానికేం చెయ్యాలో చెప్పమన్నాడు. ఆండర్సన్ పుస్తకంలో ఏమైనా ఉందేమో చూసి చెబుతానన్నాను. పుస్తకాన్ని కూడా వాడే తీసుకుపోయాడని తర్వాత గుర్తొచ్చింది.